అందరూ ఒప్పుకోవాల్సిన మాట

ప్రపంచ వాతావరణ సదస్సుకు వెళ్లి ముందురోజే తిరిగొచ్చిన రైతు సంఘం కార్యదర్శికి, కళ్యాణదుర్గం బస్టాండులో మూటల మధ్య కూర్చున్న, తనకు తెలిసిన పల్లెటూరి మహిళా రైతు కనిపించింది. అతను చూడనట్టు పక్కకు తిరిగాడు. చివరికి ఆమే పిలిచింది.

“ఏమప్పా, మా ఊరి సంగతి ఆడ చెప్పినావా?”

“చెప్పినానక్కా. మాకిచ్చింది రెండు నిమిషాలే. శెనక్కాయ ఎండిపోయిందని చెప్తాండంగానే మైకు ఆపేసినారు.”

“పోనీలే. నష్టపోయినోళ్లకు సాయం చేస్తామని కాగితంలో రాసినారా?”

“రాసినారు. ‘చేస్తాం’ అనే మాటను మాత్రం బ్రాకెట్లో పెట్టినారు.”

“అంటే?”

“అది ఇంకా ఖాయం కాలేదని. ఆడ ఓట్లుండవక్కా. అన్ని దేశాలూ ఒప్పుకోవల్ల. ఒక్కరు అడ్డం చెప్పినా ఆగిపోతాది.”

“ఎవురు అడ్డం చెప్పినారు?”

“తెలీదు. మాట్లాడుకునే గదిలోకి మమ్మల్ని రానీలేదు. తలుపు బయటే నిలబడినాం.”

“మళ్లా ఎప్పుడు కూర్చుంటారు?”

“వచ్చే ఏడాది.”

ఆమె కొంగుముడి విప్పి, తాళంచెవుల గుత్తి అతని చేతిలో పెట్టింది.

“ఇన్ని బీగాలేందక్కా?”

“మా వీధిలో పదకొండు ఇండ్లవి. నాదే ఆఖరుది. వానొస్తే ఫోన్ చెయ్.”

బెంగళూరు బస్సు వచ్చి ఆగింది. మూట అందుకోబోయిన అతని చేతిని ఆమె పక్కకు నెట్టేసింది.

“ఒక్క మాటకు అన్ని దేశాలూ ఒప్పుకోవల్లంటివే. మేము ఊరొదిలిపెట్టేదానికి ఒక్కరన్నా అడ్డం చెప్పలేదేమప్పా?”