అయాకోకి గొంతిచ్చినవాడు

1983 డిసెంబరు. జెర్సీ సిటీలో తెలుగువాళ్ల చర్చి బేస్‌మెంట్. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మధ్యలో టీకి ఆగారు. ఏటా సోలో పాడే కరుణమ్మకు ఆ ఉదయమే గొంతు పోయింది. రేపు ఆమె బదులు ఎవరు పాడాలో టీ తాగాక చెప్తానన్నారు పాస్టరు అయ్యగారు. ఆరేళ్లుగా వెనక వరసలో నిలబడి విసిగిన కృపావరానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

"సోలో అంటే గుర్తొచ్చింది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "డెబ్బై తొమ్మిదిలో అయాకో అని జపాన్ రాక్ సింగర్ వచ్చింది చూడండి, వీకెండ్స్‌లో ఆవిడ వ్యాన్ నేనే డ్రైవ్ చేసేవాణ్ణి. వాళ్ల నాన్న ఒసాకాలో పియానో టీచరు, కూతురు గిటార్ పట్టుకుందని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు పాపం. ఇక్కడ బార్‌లో పాడితే వినేది పాతికమంది, అందులో సగం చలికి లోపలికొచ్చినవాళ్లు. 'సిస్టర్, గొంతుతో కాదు, పొట్టలోంచి పాడు' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడాది తిరక్కుండా స్టేడియం!"

"తెలుగులోనే చెప్పావా?" అన్నాడు డోలక్ వాయించే సత్యానందం.

"సంగీతానికి భాషేంటి అన్నయ్యా! అసలు సంగతి వినండి. స్టేడియం కిటకిటలాడుతోంది, ఈవిడకి గొంతు పోయింది. మేనేజరు నా కాళ్లమీద పడ్డాడు. ఏం చేస్తాను? తెర వెనక నుంచి నేను పాడాను, ముందర ఆవిడ పెదాలు ఆడించింది. హడ్సన్ నది అవతల మాన్‌హాటన్‌లో కిటికీ అద్దాలు గలగలాడాయి. పోలీసులొచ్చి వాల్యూమ్ తగ్గించమంటే, మైకే పెట్టలేదు సార్ అన్నాను!"

కృపావరం ఓరగా అయ్యగారి వైపు చూశాడు. ఆయన తల ఊపుతున్నారు.

"ఆడమనిషికి నీ గొంతా?" సత్యానందం వదల్లేదు. "ఎవరూ కనిపెట్టలేదూ?"

కృపావరం ఒక్క క్షణం తడబడ్డాడు. "అబ్బే, ఒక్క పాటేగా! ఈలోపు అల్లం, మిరియాలు వేసి నా చేత్తో కషాయం కాచిపెట్టాను. ఒక్క గుక్కకి గొంతు కోయిలలా తిరిగొచ్చింది. గ్లాసు అడుగున మిగిలిన చుక్కలు ఎవరిదో పెంపుడు చిలక తాగి, జపనీస్‌లో రెండో చరణం అందుకుంది!"

నవ్వులు ఇంకా ఆగలేదు. మూల కూర్చున్న కరుణమ్మ లేచి, ఖాళీ కప్పు తెచ్చి అతని ముందు పెట్టింది.

"వంటింట్లో అల్లం ఉంది తమ్ముడూ," అంది, గొంతు గీరుకుపోతుంటే. "మిరియాలూ ఉన్నాయి. కాచిపెట్టు. రేపు నేనే పాడతాను."

కషాయం పనిచేస్తే పాట ఆమెది. ఆ లెక్క కృపావరానికి ఇప్పుడే తట్టింది.

"ఒకవేళ... పనిచెయ్యకపోతే?" అన్నాడు, ఆశ చావక, అయ్యగారి వైపు తిరిగి.

అయ్యగారు తీరిగ్గా టీ ముగించి కప్పు కింద పెట్టారు.

"అప్పుడూ మైకు ముందు కరుణమ్మే నిలబడుతుందయ్యా, పెదాలు ఆడిస్తూ. నువ్వు తెర వెనక ఉండు. నీకు అలవాటేగా."