బీరు పండగకు ప్రయాణం

ఆమె చాట ముందేసుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆయన మంచం మీద సూట్‌కేసు సర్దుకుంటున్నాడు.

"పురుగుమందుల కంపెనీ వాళ్లు డీలర్లందరినీ జర్మనీ తీసుకెళుతున్నారే. నేనొక్కడినే మానేస్తే ఏం బాగుంటుంది?"

"మానమన్నానా? వెళ్లి చూసి రండి."

"బీరు పండగకు వెళ్లి బీరు ముట్టకుండా ఎట్లా వస్తారే? అది వాళ్ల సంప్రదాయం."

"మరి నిరుడు ఆస్పత్రి నుంచి రాగానే అమరావతి గుళ్లో మీరు వేసిన ఒట్టు?"

"అందుకేగా నిన్ను బతిమాలేది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టానని ఒక్క మాట అను. తిరిగొచ్చాక మళ్లీ వేస్తా."

"ఒట్టంటే స్వెట్టరా, విప్పి మళ్లీ తొడుక్కోడానికి?"

"నీకన్నీ ఎకసెక్కాలే. వారం రోజుల నుంచి అడుగుతున్నా."

"నా తల మీద వేసుంటే మీ పోరు పడలేక ఎప్పుడో తీసేసేదాన్ని. మీరు చెయ్యి పెట్టింది అమ్మాయి తల మీద."

"చిన్నపిల్ల, దానికేం తెలుసే?"

"ఆస్పత్రిలో మీ మంచం పక్కన కూచుంది అదేగా. గదిలోనే ఉంది, వెళ్లి అడగండి."

ఆయన గది దాకా వెళ్లాడు. లోపల అమ్మాయి పాఠం పైకి చదువుకుంటోంది. తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.