వంటింటి స్లాబు

అలా సూడకు తవిటయ్య మేస్త్రీ. మూడు రోజుల్నుంచి వొచ్చినోడల్లా ఇలాగే సూత్తన్నాడు. ముందు వంటింటి స్లాబుకేసి, తర్వాత మా ఆవిడ తాయారు భుజానికున్న కట్టుకేసి, ఆనక నాకేసి. ఆ స్లాబు నానేమన్నా పోసానేటి?

పోసినోడు ఆ కామరాజు. పేరుకి బిల్డరు. తొంభై ఏడులో ఈ ఇల్లు అమ్మినప్పుడు తాళాలు పళ్లెంలో ఎట్టి మరీ ఇచ్చాడు. నాలుగేళ్లకే కారతందని ఎల్తే, "అమ్మేసాక ఇల్లు మీదే కదా గవర్రాజుగారూ" అన్నాడు. సిగ్గునేని మనిషి.

స్టీల్‌ప్లాంటు క్వార్టర్లో పదేళ్లున్నాను. కుళాయి కారితే ఆఫీసు పుస్తకంలో రాసీడమే. మర్నాడు మనిషొచ్చి బిగించీసీవోడు. ఓ మేకు కొట్టిన పాపాన పోలేదు నాను. ఈ కూర్మన్నపాలెంలో సొంతిల్లు కొన్నాక రాయడానికి పుస్తకమేదీ? అందుకే కామరాజుకే ఉత్తరాలు రాసాను. ఏడు. ఏటి, నవ్వుతన్నావా?

నువ్వేమన్నా తక్కువోడివా? రెండేళ్ల కిందట పైకెక్కి సూసి, ఉప్పుగాలికి లోపలి ఇనుం తుప్పట్టీసింది, పెచ్చులన్నీ కొట్టీసి మళ్లీ ప్లాస్టరింగ్ సెయ్యాలన్నావు. పనుల్నేక నా కొంప మీద పడ్డావనుకున్నాను. తాయారు నీకు టీ ఇవ్వబోతే వొద్దన్నాను. అవును, నాకు గుర్తుంది.

సేయించండని ఆవిడ ఒకటే పోరు. కామరాజు సెయ్యాల్సింది నానెందుకు సేత్తానన్నాను. దీపావళికి సున్నం ఏయించాను. మరక పోయింది. సుట్టాలొచ్చి ఇల్లు మెరిసిపోతందన్నారు. నాకూ అలాగే అనిపించింది, ఏం సెప్పమంటావు!

మంగళవారం పొద్దున్న తాయారు నా డ్యూటీకి కేరేజీ కడతంటే ఊడిపడింది. అట్లపెనమంత పెచ్చు. కుడిభుజం ఎముక ఇరిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెల్తన్నప్పుడు కూడా నాను కామరాజునే తిడతన్నాను. కాసేపు ఇని అప్పుడంది. కళ్లంట నీళ్లు కూడా నేవు.

"ఆ స్లాబు కింద కామరాజు నిలబడి వండలేదండీ. నాను వండాను."



ఒకటి సెప్తాను, ఇను. ఇది డాక్టరుకి సెప్పలేదు, తాయారు అన్నకీ సెప్పలేదు. ఆవేళ నువ్వెల్లిపోయాక నానే స్టూలెక్కి కర్రతో తట్టాను. డొల్ల. ఇరవయ్యేళ్లు ఇనుంతో బతికినోణ్ణి, నాకా మాత్రం తెలీదేటి? కిందకి దిగితే ఏటైందని అడిగింది. గట్టిగానే ఉంది, నువ్వొండుకో అన్నాను. నీ మాట నిజమైపోతే నా పరువు పోద్దని, అంతే!

ఇప్పుడు స్టవ్వు వరండాలో ఎట్టుకుని ఎడంచేత్తో వండతంది. ఆ గదిలోకి రమ్మన్నా రాదు. నన్నేటీ అడగదు కూడా. అడిగితే బాగున్ను.

కామరాజు మాట ఇంక ఎత్తను. ఇల్లు నాది, అది కూలినా తప్పు నాదే. ఎంతవుద్దో నువ్వే సెప్పు, బేరమాడను.

నిచ్చెన నా దగ్గిరుంది. నువ్వెక్కి కొట్టు. కింద నిలబడి నాను పట్టుకుంటాను.