పసుపు దారం లేని అడాప్టర్

లక్ష్మీకాంతం, యాభై మూడేళ్ళు, తనదైన ప్రతి వస్తువుకీ పసుపు దారం కట్టేది. ఎందుకంటావా జాహ్నవీ? అమెరికాలో, మన క్యారీ ఊళ్ళో, తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళిన గిన్నె మళ్ళీ సొంతింటికి రావడం నువ్వెప్పుడైనా చూశావా? నా ఇడ్లీ కుక్కర్ మూత ఎవరింట్లో ఉందో నాకు తెలుసు, పేరు చెప్పను. సరే, ఈ డ్రమ్ము పెట్టె సంగతి కదా అడిగావు. ఆవిడ పోయాక నా దగ్గరికొచ్చింది. ఉండు, ప్లగ్గు పెట్టకు, ముందు విను.

ఇందులో రికార్డు చేసిన చప్పుడేం లేదు. డ్రమ్ము మోతలన్నీ కరెంటులోంచి అప్పటికప్పుడు పుట్టాల్సిందే. దేన్నీ గుర్తు పెట్టుకోదు. గుండీ ఎక్కడ తిప్పి వదిలితే ఆ మోతే. ఆవిడ దీన్ని ఎవరో పాత సామాన్లు అమ్ముకునే గ్యారేజ్ సేల్‌లో కొనుక్కొచ్చింది. వాళ్ళాయన దివాకర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కదా, "నీకేం తెలుసు, ఇలా తే" అని రెండు ఆదివారాలు తిప్పాడు. కుక్కర్ ఆవిరి చప్పుడు తప్ప ఇంకోటి రాలేదు. ఈవిడ మూడు నెలలు కూచుని దాంట్లోంచి డప్పు రప్పించింది. నిజం, కళ్ళు మూసుకుంటే డప్పే. ఏ గుండీ ఎంత తిప్పాలో బొట్టుబిళ్ళలు అంటించి గుర్తు పెట్టుకుంది. అవిగో, ఇంకా ఉన్నాయి చూడు.

ఆరేళ్ళు మన దసరా కోలాటం ఆ డప్పు మీదే ఆడాం. మెచ్చుకోలు మాత్రం ఆయనకి. "భలే సెట్ చేశారండీ దివాకర్‌గారూ" అంటే కాదనేవాడు కాదు, "ఏదో మన హాబీ" అనేవాడు. ఆరో ఏడు ఈవిడ మైకు తీసుకుని, సెట్ చేసింది నేనే, వాయించేదీ నేనే అని చెప్పింది. అంతే. ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మరుసటి ఏడు ప్రాక్టీసులో డప్పు తడి దిండు మీద కొట్టినట్టు పలికింది. రెండు మోతలు కలిస్తే నోరే లేవదు. అసోసియేషన్ ప్రెసిడెంటు కొండల్ రావు, "శుక్రవారం దాకా చూస్తానమ్మా, కాకుంటే డీజేని పెట్టుకుంటం" అన్నాడు. దివాకర్ పెట్టె వంక కాదు, ఆవిడ వంక చూస్తూ, "వయసు మీద పడితే అంతేలెండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గురువారం పెట్టె ఎత్తుకుని మా ఇంటికొచ్చింది. తనింట్లో ఎందుకు చూసుకోలేదో అప్పుడు నాకు తట్టలేదు. బొట్టుబిళ్ళలు చూసింది, గుండీలు కదల్లేదు. వైరు మార్చింది, అదే మూలుగు. మా స్పీకరు పెట్టింది, అదే. వంటింటి ప్లగ్గు తీసి హాల్లో పెట్టింది, అదే. నాకు విసుగొచ్చి అన్నీ మార్చి పారేయవే అన్నాను. "అన్నీ ఒకేసారి మారిస్తే దొంగ దొరకడక్కా" అంది.

ఆఖరికి అడాప్టరు పట్టుకుని వైరంతా వేళ్ళతో తడిమింది. దారం లేదు. నా కళ్ళజోడు పెట్టుకుని సన్నక్షరాలు చదివింది. పెట్టెకి పన్నెండు వోల్టులు కావాలి, ఇది తొమ్మిది. నల్లగా అలాగే ఉంది, పిన్ను కూడా అలాగే పడుతోంది. పెట్టెకి తిండి చాలక నీరసం, అంతే జబ్బు.

"ఇది మా పాత రౌటరుదక్కా."

సర్దేటప్పుడు మారిపోయిందేమోనే అన్నాను. మనం అలాగే అంటాంగా, మొగుళ్ళ విషయం వచ్చేసరికి. ఆవిడ పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది. దారం కట్టిన అడాప్టరు ఆయన ఆఫీసు బ్యాగులో, లోపలి జిప్పులో దొరికింది. అది తీసుకుని, తొమ్మిదిదాన్ని అదే జిప్పులో పెట్టి మూసేసింది. శుక్రవారం కొండల్ రావుకి ఫోన్ చేసి డీజే అక్కర్లేదని చెప్పింది.

శనివారం దసరా ప్రోగ్రాంలో ఆయన మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. మొదటి దెబ్బకి హాలు అదిరింది. ఆవిడ మా కోలాటం చూడలేదు, ఆయన మొహమే చూసింది. ఆయన చప్పట్లు కొట్టాడు, పాపం, కొట్టక ఏం చేస్తాడు. ఇంటికెళ్ళి జిప్పు తీసే ఉంటాడు.

ఏదీ, నువ్వు తెచ్చిన ఆ అడాప్టరు ఇలా ఇవ్వు, దారం లేదు. ఇది నీకెవరిచ్చారు, మీ ఆయన శశికాంతా? ఏం లేదులే, ఊరికే అడిగాను. అక్షరాలు చదువు. నీకు టీ పెట్టనా?

ఆవిడా? ఆ జనవరిలో పెట్టె పట్టుకుని ఒక్కతే పక్కూరు డర్హమ్‌లో ఒంటిగది అపార్ట్‌మెంటుకి వెళ్ళిపోయింది. పోయేదాకా అక్కడే ఉంది.