గోరంత కొక్కెం

సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ ధనలక్ష్మి మేడం గారికి, ధర్మవరంలో కొట్టు మూసుకుని నాకోసం వచ్చిన అంజనప్పన్నకు, తోటి అధ్యాపకులకు, వెనక వరసలో సమోసాల కోసం ఓపిగ్గా కూర్చున్న నా శిష్యులకు ఈ హనుమంతరాయుడి నమస్కారాలు. (నవ్వులు)

ముప్పైరెండేండ్లు ఈ హిందూపురం కాలేజీలో పిల్లలను పరుగెత్తించినవాణ్ని, ఈరోజు రిటైర్మెంటని శాలువా కప్పి కదలకుండా కూర్చోబెట్టారు. ఇంతసేపూ అందరూ నా మంచితనం గురించే చెప్పారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఒక సంగతి చెప్పకుండా పోతే ఈ శాలువా నా ఒంటిమీద నిలవదు.

రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే తనూజ, పెనుకొండ పిల్ల, మీ అందరికీ తెలుసు. ఎనిమిదేండ్ల కిందట ఇక్కడే డిగ్రీ చదువుతూ, సైకిల్ షెడ్డు వెనక మనం కట్టుకున్న షూటింగ్ రేంజిలో ఎయిర్ పిస్టల్ కాల్చేది. రోజూ బస్సు దిగి, బ్యాగు కూడా పెట్టకుండా నేరుగా అక్కడికే వచ్చేది. మనకున్నది ఒక్కటే పిస్టల్. రాష్ట్ర జట్టు ఎంపికలకు మూడు రోజులుందనగా ట్రిగ్గర్ లోపలి కొక్కెం, గోరంత ముక్క, విరిగింది. కొత్తది తెప్పించాలంటే నెల పడుతుందన్నారు.

ఇద్దరం ధర్మవరం పోయాం, మగ్గాల సామాన్లు బాగుచేసే ఈ అంజనప్పన్న దగ్గరికి. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి, ఒకసారి నా మొహం చూసి, "చేస్తాలే సార్, కూచో" అన్నాడు. పొద్దంతా ఆకురాయితో రాచి తళతళలాడే ముక్క చేసిచ్చాడు. బిగిస్తే ఒక్క క్షణం పట్టు నిలవదు, జారిపోతుంది! చూస్తే, పట్టి ఆపాల్సిన అంచులన్నీ నున్నగా గుండ్రంగా తీసేశాడు. "ఏం చేసేది సార్, పట్టుదారం తగులుకుంటాదని నలభై ఏండ్లుగా అంచు కనపడితే చాలు, చెయ్యి దానంతటదే గుండ్రం చేస్తాది" అన్నాడు. ఎందుకన్నా నవ్వుతావు, అన్నది నువ్వే కదా! (నవ్వులు)

మళ్లీ మొదటినుంచి చేశాడు. ఈసారి నిలిచింది గానీ, ట్రిగ్గర్ మునుపటికంటే బిగువైంది. వేలు అలవాటు పడడానికి ఆ పిల్లకు దొరికింది ఒక్క సాయంత్రం. రెండు పాయింట్ల తేడాతో ఎంపిక పోయింది. తిరుగు రైల్లో, "నా చెయ్యి వణికింది సార్" అంది. ఇప్పటికీ ఎవరడిగినా అదే చెప్తుంది.

(జేబులోంచి చిన్న డబ్బీ తీశారు)

చెయ్యి వణకలేదమ్మా. ఆ కొక్కెం అరిగిపోయి విరిగిందని నీకు చెప్పాను. అబద్ధం. శుభ్రం చేస్తానని విప్పి, ఊడిరాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి మీటి విరగ్గొట్టింది నేనే. ఆరోజు నువ్వు మంచినీళ్లకు పోయినప్పుడు అంజనప్పన్న మెల్లగా, "అరిగిన ముక్క ఇట్ల విరగదు సార్. పాపకు నువ్వే చెప్పు, నేనైతే చెప్పను" అన్నాడు. ఎనిమిదేండ్లు ఆయన మాట తప్పలేదు. నాకే నోరు రాలేదు. గురువుననే గీర ఒకటి ఉండె, దాని వెనక సిగ్గు.

విరిగిన ముక్క ఇదిగో, ఈ డబ్బీలోనే దాచుకున్నాను. రేంజి తాళంచెవితో పాటు నీకిస్తున్నాను. నీ పిల్లలకు చెయ్యి వణికిన కథ చెప్పొద్దు, ఈ సార్ కథ చెప్పు. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. తనూజా, నువ్వు ఊ అంటేనే నాకు సెలవు.