ప్లాటిపస్ మడుగు దగ్గర మెర్విన్

శనివారం పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట ముగిసి, యూకలిప్టస్ ఆకుల మీద ఎండ తేనెరంగుకి తిరిగే వేళకి బౌల్స్ క్లబ్బు వరండాలో అందరూ టీకి చేరతారు. అక్కడ మెర్విన్ కోతలు లేకపోతే ఎవరికీ టీ గొంతు దిగదు. ఆ రోజు డగ్ ఊరికే అడిగాడు, మనవరాలిని జంతువుల అభయారణ్యానికి తీసుకెళ్తే బాగుంటుందా అని. అంతే, మెర్విన్ అందుకున్నాడు.

"బాగుంటుందా అంటావేంట్రా! నోలా ఉన్నప్పుడు మేమిద్దరం వెళ్లొచ్చాం కదా. గేటు దాటామో లేదో ఒక కంగారూ వచ్చి నా చేతిలో గింజలు తింది."

"అది అందరి చేతిలోనూ తింటుంది," అన్నాడు డగ్.

"తిని ఊరుకుందా? వెళ్లి వాళ్లమ్మని పిలుచుకొచ్చింది, అమ్మ తన చెల్లెళ్లని, మొత్తం నలభై నా వెనక వరసకట్టాయి, నేను గెంతితే గెంతుతాయి, ఆగితే ఆగుతాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈము పక్షి ఒకటి దారికడ్డం నిలబడి పందెమా అన్నట్టు చూసింది. పరిగెత్తా!"

"మోకాలి ఆపరేషన్‌కి ముందా, తర్వాతా?"

"తర్వాత మూడో వారం! ఈము ఓడిపోయి రోజంతా గింజ ముట్టలేదు. అది చూసి బొరియలు తవ్వే వాంబాట్ ఒకటి మురిసిపోయి నాకోసం సొరంగం తవ్వింది, అందులో దూరానా, సరిగ్గా టీ కొట్టు ముందు తేలా!"

వరండా గొల్లుమంది. టీ పోస్తున్న బెరిల్ మాత్రం నవ్వలేదు. మెర్విన్ భార్య, పోయిన చలికాలంలో కన్నుమూసిన నోలాకి ఆమె స్వయానా చెల్లెలు.

ఇక్కడితో ఆపాలని మెర్విన్‌కి తెలుసు. ఆ రోజు కథలో ఇక మిగిలింది ప్లాటిపస్ మడుగే. కానీ అందరూ తనవైపే చూస్తున్నారు.

"సాయంత్రం మడుగు పక్క బల్లమీద కూర్చున్నాం. చిన్న అలికిడికే నీళ్లలో మునిగిపోయి ఎవరికీ కనబడని ప్లాటిపస్ నా గొంతు వినగానే బుడుంగుమని తేలింది, ఒడ్డెక్కింది, బాతుముక్కు నా బూటుకి రాసింది, నోలా ఒళ్లోకెక్కి గుర్రుపెట్టి నిద్రపోయింది!"

బెరిల్ కెటిల్ కింద పెట్టింది.

"మా అక్క ఒళ్లోనా, బావా?"

ఎవరూ నవ్వలేదు.

"చిన్నప్పట్నుంచీ దాన్ని చూడాలని అక్కకి ఎంత ఆశో నీకు తెలుసు. మర్నాడు ఫోన్లో చెప్పింది. నిశ్శబ్దంగా ఉండమని బోర్డు పెట్టారట. గంటసేపు చూశాక, అది పైకొస్తున్నట్టు నీళ్లలో బుడగలొచ్చాయట. నువ్వేమో పక్కబల్ల వాళ్లకి మొసలి తోక పట్టుకుని లాగిన కథ చెబుతున్నావు. బుడగలు ఆగిపోయాయట. నీకు చెప్పొద్దంది. పాపం, చిన్నబుచ్చుకుంటాడంది."

మెర్విన్ కప్పులోకి చూశాడు. ఆ సాయంత్రం ఆ బల్లమీద నోలా అతని మోచెయ్యి మెల్లగా నొక్కింది. కథ బాగుందని నొక్కిందనుకున్నాడు. మురిసిపోయి గొంతు ఇంకాస్త పెంచాడు.

డగ్ నెమ్మదిగా అడిగాడు. "ఆ తర్వాత ఏమైంది, మెర్విన్?"

"ఆ తర్వాత... మూసేస్తున్నామని గంట కొట్టారు."