నలగని నిమ్మకాయలు

గోదావరిఖని దగ్గరి ఒక చెలకలో, బొగ్గుబాయిలో కార్మికుల భద్రత చూసే సర్దారుగా చేసి రిటైరైన ఒకాయన, తాను సొంతంగా కట్టుకున్న చిన్న విమానం ఇంజన్ ఆపి దిగాడు. భార్య ఎదురుగా నిలబడి ఉంది.

“ఇంజన్ గట్టిగనే తిరిగింది. విమానం జర గూడ కదలలే. దాంట్ల దమ్ము లేనట్టుంది.”

“చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు గూడ నలగలే.”

“గదే నా పరేషాన్.”

“ఎక్కే ముందు సుట్టు తిరిగి చూసినవా?”

“కొబ్బరికాయ కొట్టిన, నిమ్మకాయలు పెట్టిన. ఇంకేం చూడాలె?”

“విమానం తోక చూడలే నువ్వు. బర్రె తాడుతోని ట్రాక్టర్‌కు కట్టి ఉండె.”

“ఎవలు కట్టిండ్రు?”

“నేనే. నువ్వు చూస్తవా లేదా అని.”

“నాకే పరీక్ష పెడ్తవా?”

“బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు, కట్టెతోని పైకప్పు కొట్టి, రాయి వదులైందా అని చూడంది ఒక్కన్ని గూడ లోపటికి పోనియ్యలే నువ్వు.”

“ఈడ మీద పడెతందుకు కప్పు లేదు గద.”

“కప్పు పడదు. నువ్వు పడ్తవ్.”



“సరే, తాడు ఇప్పు. మళ్ల ఎక్కుత.”

“తాడు ఇంజన్ ఆగంగనే ఇప్పిన. విమానంల ఇంకోటి చేసి పెట్టిన.”

“ఏంది?”

“చెప్ప. నువ్వే చూస్కో.”

ఆయన షెడ్డులో మూలకున్న పాత బొగ్గుబాయి కట్టె తెచ్చుకొని, విమానాన్ని తోక దగ్గర నుంచి మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు.